సమాన అవకాశాల సెల్ ఫైల్లో కాకుండా క్యాంపస్‌లో పనిచేయాలంటే అడ్మిషన్లలోపు ఏం చేసిపెట్టాలి?

విభాగం: కాలేజీలు, యూనివర్సిటీలు – విజయవాడ, గుంటూరు

సెల్_సమన్వయకర్త

నమస్కారమండి. గుంటూరు వైపు ఒక క్యాంపస్‌లో సమాన అవకాశాల సెల్‌ని మళ్లీ నిలబెట్టాలి. సుమారు నాలుగు వేల మంది విద్యార్థులు, రెండు హాస్టళ్లు, పాత భవనాలు మూడు, కొత్తది ఒకటి. సెల్‌కి ఒక గది, ఒక కంప్యూటరు ఉన్నాయి. పాత ఫైల్లో డిసెంబర్ 10 మానవ హక్కుల దినం ఫొటోలు, నవంబర్ 26న రాజ్యాంగ పీఠిక చదివించిన ఫొటోలు ఉన్నాయి గానీ ఫిర్యాదుల రిజిస్టరు లేదు.

అడ్మిషన్లకు రెండు నెలలు టైముంది. ఏ ఫిర్యాదు ఎవరు తీసుకోవాలి, భవనాల్లో ఏం సరిచేయించాలి, పరీక్షలు, పాఠ్యసామగ్రి సంగతేంటి, తరగతిలో హాస్టల్లో రోజూ నడిచే వివక్షను ఎలా పట్టుకోవాలి? పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఎక్కడ చెడుతుందో కూడా చెప్పండి.

దస్త్రం_పాతబస్తీ

ముందు ఏ ఫిర్యాదు ఏ గుమ్మం ఎక్కాలో తేల్చండి. పిల్లలు ఫిర్యాదు చేయకపోవడానికి భయం ఒక కారణమైతే, ఎవరికివ్వాలో తెలియకపోవడం రెండోది. రెండోదాన్ని వారంలో సరిచేయొచ్చు.

కులం, మతం, భాష, లింగం, వైకల్యం పేరుతో జరిగే వివక్షకు 2012 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) సమానత్వ నిబంధనలున్నాయి. వాటి కింద సమాన అవకాశాల సెల్ పెట్టాలి, వివక్ష నిరోధక అధికారిని నియమించాలి. యూనివర్సిటీలో ఆ అధికారి ప్రొఫెసర్ హోదాకు తగ్గకూడదు, కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్‌కి తగ్గకూడదు. ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లోపు సంస్థ అధిపతికి అప్పీలు చేసుకోవచ్చు. 2026 జనవరి 13న యూజీసీ కొత్త సమానత్వ నిబంధనలు ప్రకటించింది. అదే నెల 29న సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసి, 2012వే నడవాలని చెప్పింది. కాబట్టి మీ సర్క్యులర్లో సంవత్సరం జాగ్రత్తగా రాయండి. తప్పు సంవత్సరం రాస్తే అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

లైంగిక వేధింపులకు అంతర్గత ఫిర్యాదుల కమిటీ వేరు. దానికి 2013 చట్టం, యూజీసీ 2015 నిబంధనలు. ర్యాగింగ్‌కి 2009 యూజీసీ నిబంధనలు, మన రాష్ట్రంలో 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం, దేశవ్యాప్త హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫీజులు, మార్కులు, సర్టిఫికెట్లు, సౌకర్యాల వంటివి 2023 నిబంధనల కింద విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్తాయి. అది 15 పనిదినాల్లో నివేదికివ్వాలి. ఆపైన ఆంబుడ్స్‌పర్సన్ (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి) దగ్గర అప్పీలు, అక్కడ 30 రోజులు.

ఇక చెడేది ఎక్కడంటే, కాగితం అందగానే దాని మీద "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని రాసి శాఖాధిపతికి పంపేస్తారు. ఫిర్యాదు ఆయన మీదే అయినా సరే, అలవాటు చొప్పున అక్కడికే పోతుంది. సాయంత్రానికల్లా ఎవరు రాశారో శాఖంతా తెలుస్తుంది. అందుకని రిజిస్టరు రెండు భాగాలుగా పెట్టండి. బయటి రిజిస్టర్లో వరుస సంఖ్య, అందిన తేదీ, ఏ కోవ, ఎవరికి అప్పగించారు, గడువు తేదీ, ఏం తేలింది అన్నవే ఉండాలి. పేరు, శాఖ, కాగితం వేరే కవరులో, అదే సంఖ్యతో, బీరువాలో. ఇచ్చినవారికి అప్పటికప్పుడే సంఖ్య వేసిన రసీదు చేతికివ్వండి. గడువు తేదీ కూడా రసీదు మీద రాయండి. ఆ తేదీ విద్యార్థి చేతిలో ఉంటే ఆఫీసు తనంతట తానే కదులుతుంది.

ఫిర్యాదుల పెట్టె పెడితే హెచ్ఓడీ గది ముందు, సీసీ కెమెరా కింద పెట్టొద్దు. లైబ్రరీ, క్యాంటీన్ దారి మంచివి. తాళాలు రెండు, ఇద్దరి దగ్గర. ప్రతి శనివారం ఇద్దరూ కలిసి తెరిచి, ఏమీ లేకపోయినా "శూన్యం" అని రాసి సంతకం చేయాలి. ఈమెయిల్ కూడా వ్యక్తి పేరుతో కాక పదవి పేరుతో తీయించండి. లేకపోతే బదిలీతోపాటు పాత ఫిర్యాదులన్నీ వెళ్లిపోతాయి.

పరిశోధక_పల్నాడు

తరగతి సంగతి. మొదటి రోజు పరిచయాల్లో "నీ ఈఏపీసెట్ ర్యాంకెంత?" అని అడగడం ఆపించండి. మన దగ్గర అది కులం అడగడమేనని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. నలభై మంది ముందు పిల్లవాడు లక్ష దాటిన ర్యాంకు చెప్తే, మిగతా నాలుగేళ్లూ వాడెవడో ఆ గంటలోనే ఖాయమైపోతుంది. పేరు, ఊరు, ఏం నేర్చుకోవాలని వచ్చారు, ఇవి చాలు. కొత్త విద్యార్థులకు పెట్టే దీక్షారంభ్ కార్యక్రమానికి ముందే అధ్యాపకులకు ఒక పేజీ సూచన ఇవ్వండి, అందులో మొదటి వాక్యం ఇదే ఉండాలి.

రెండోది జాబితాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లిస్టును అలాగే ప్రింటు తీసి నోటీసుబోర్డుకి అతికిస్తారు, వాట్సాప్ గ్రూపులో వేస్తారు. పేరు, కులం, ఉపకులం, ఆధార్, బ్యాంకు ఖాతా, కుటుంబ ఆదాయం, అన్నీ అందులోనే. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు, ఎక్సెల్‌లో కాలమ్ తీసే ఓపిక లేదంతే. బయటికి వెళ్లే ప్రతి జాబితాలో రోల్ నంబరు, "పెండింగ్ ఉంది/లేదు" అన్న రెండు కాలమ్‌లే ఉండాలని సర్క్యులర్ ఇప్పించండి.

మూడోది ల్యాబ్ బ్యాచ్‌లు. రోల్ నంబర్లు అడ్మిషన్ వరసలో ఇస్తే, కేటగిరీవారీగా చేరినవాళ్లు పక్కపక్కన పడతారు. నంబరు వరసలో బ్యాచ్‌లు కడితే చివరి బ్యాచ్ మొత్తం ఒకే వర్గం అవుతుంది. ఎవరూ కావాలని చేయకుండానే వాడవాడగా విడిపోయినట్టు తయారవుతుంది. పేర్ల అక్షరక్రమంలోనో, లాటరీ తీసో బ్యాచ్‌లు కట్టమనండి. ఖర్చు పైసా లేదు.

పరిశోధక విద్యార్థులకు అసలు చిక్కు గైడు సంతకం. ఫెలోషిప్ కొనసాగింపు పత్రం మీద సంతకం ఆలస్యమైతే ఆ నెల డబ్బులు రావు. సంతకాన్ని ఆపడం ద్వారా జరిగే వేధింపుకు సాక్ష్యం ఉండదు. పత్రం అందిన తేదీ శాఖ కార్యాలయంలో నమోదు చేసి, ఐదు పనిదినాల్లో గైడు సంతకం చేయకపోతే కారణం రాయాలి, లేదంటే శాఖాధిపతి చేయాలి అని అకడమిక్ కౌన్సిల్లో పెట్టించండి.

మట్టపుకొలత

సివిల్ పని గురించి వివరంగా చెప్తాను. ఇక్కడే డబ్బు ఖర్చవుతుంది, ఇక్కడే వృథా అవుతుంది.

ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. పాత భవనాలకు సాధారణంగా రెండడుగుల ప్లింత్ (నేల నుంచి గచ్చు దాకా ఎత్తు) ఉంటుంది, అంటే 24 అడుగుల ర్యాంపు కావాలి. కాంట్రాక్టరు దగ్గర మూడు మెట్ల పక్కన ఎనిమిది అడుగుల జాగా ఉంటే ఎనిమిది అడుగుల్లోనే పోసేస్తాడు. అది 1:4 వాలు. దాని మీద చక్రాల కుర్చీ సొంతంగా ఎక్కదు. దిగేటప్పుడు ముందుకు పల్టీ కొడుతుంది. జాగా లేకపోతే మధ్యలో మలుపు తిప్పి రెండు వరసలుగా కట్టాలి. వెడల్పు కనీసం 1200 మి.మీ., పైనా కిందా 1500 మి.మీ. సమతలం, తొమ్మిది మీటర్లకు మించి ఏకధాటిగా పోకుండా మధ్యలో విశ్రాంతి తలం ఉండాలి. రెండు పక్కలా చేతిపట్టీలు, అంచుకి చక్రం జారకుండా చిన్న గట్టు.

ఇప్పుడు మన నేల సంగతి. గుంటూరు చుట్టూ నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. భవనానికి లోతైన పునాది ఉంటుంది కాబట్టి కదలదు. ర్యాంపును మాత్రం రేగడి మీద మట్టి పోసి పైన కాంక్రీటు పరిచి వదిలేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ర్యాంపు దిగబడి, గుమ్మం దగ్గర రెండంగుళాల మెట్టు తేలుతుంది. పక్కనే వేలు దూరేంత సందు. చక్రాల కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, సరిగ్గా ఆ సందులో ఇరుక్కుంటాయి. కాగితం మీద ర్యాంపు ఉంటుంది, మనిషి మాత్రం గుమ్మం దాటడు. రేగడి తీసేసి, గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, నీళ్లు కొట్టి దిమ్మిస చేయించాలి. పక్క గోడలకు పునాది తీయాలి. భవనానికీ ర్యాంపుకీ మధ్య జాయింటు వదిలి సాగే సీలెంటుతో నింపాలి. గడప 12 మి.మీ. మించకూడదు, అదీ వాలుగా చెక్కి ఉండాలి.

పైన పాలిష్ టైలు వేయనివ్వకండి. చినుకు పడితే అద్దంలా జారుతుంది. గరుకు కాంక్రీటు, అడ్డగీతలతో చాలు. చేతిపట్టీలు స్టీలువి ఎండలో పెడితే మే నెలలో చెయ్యి కాలుతుంది. పైన నీడ వేయండి, లేదా ప్లాస్టిక్ తొడుగు వేయించండి. ర్యాంపు మొదట్లో మోటార్‌సైకిళ్లు నిలబెడతారు, అక్కడ రెండు ఇనప గుంజలు పాతితే ఆగుతుంది. గుంజల మధ్య 900 మి.మీ. దారి వదలడం మరిచిపోవద్దు.

మరుగుదొడ్డి లోపల 1500 మి.మీ. వృత్తం ఖాళీగా ఉండాలి, కుర్చీ తిరగడానికి. తలుపు బయటికి తెరవాలి లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరిచే తలుపైతే మనిషి పడిపోయినప్పుడు బయటినుంచి తెరవలేరు. కమోడ్ ఎత్తు 450 నుంచి 480 మి.మీ., పక్కన పట్టుకునే కడ్డీలు. ఇన్ని చేసి చివర్లో దాన్ని చీపుళ్ల గది చేసేస్తారు, తాళం అటెండరు జేబులో ఉంటుంది. తాళం లేకుండా, లోపలి గడియతోనే నడిపించండి.

2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఇంజనీరింగ్ విభాగానికి రాసే నోట్‌లో ఇది ప్రస్తావించండి.

తెర_చదువరి

ర్యాంపు కనబడుతుంది కాబట్టి కట్టిస్తారు. కనబడని మెట్టు ఒకటుంది, తెలుగు నోట్సు.

మన శాఖల్లో దశాబ్దాలుగా తెలుగు మెటీరియల్ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసి పీడీఎఫ్ ఇస్తున్నారు. కంటికి చక్కటి తెలుగు. లోపల కంప్యూటరుకి కనబడేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు. తెర మీది అక్షరాలను గట్టిగా చదివే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ "ప్రజాస్వామ్యం" అనదు, పొంతనలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఒక్కొక్కటిగా చదువుతుంది. చూపులేని విద్యార్థికి ఆ పీడీఎఫ్ ఖాళీ కాగితంతో సమానం.

పరీక్షించడం అర నిమిషం పని. పీడీఎఫ్‌లో ఒక లైను ఎంపిక చేసి కాపీ చేయండి, ఫోన్లో వాట్సాప్ మెసేజ్‌లో పేస్టు చేయండి. తెలుగు పడితే యూనికోడ్ (కంప్యూటరు తెలుగుగానే గుర్తించే అక్షరాలు), పని జరుగుతుంది. గజిబిజి పడితే పాత ఫాంటు. అసలు లైనే ఎంపిక కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ.

పాత ఫాంటైతే పీడీఎఫ్ కాదు, అసలు ఫైలు అడగండి. అక్షరాలు మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక ఒత్తులు, క్ష, అంకెలు తప్పకుండా చూడాలి, ఎక్కువ తప్పులు అక్కడే. స్కాన్ బొమ్మైతే ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో గుర్తింపజేయాలి. తెలుగులో ఓసీఆర్ తడబడే జంటలు తెలిసినవే: మ–య, ప–ష, ద–ధ, బ–భ. "బాధ", "బాద" అయితే అర్థం చేసుకోవచ్చు. "సమము", "సయము" అయితే పాఠమే పోయింది. ఒక విద్యార్థి గట్టిగా చదువుతుంటే మరొకరు మూలం చూస్తూ దిద్దితే పని వేగంగా సాగుతుంది. ఎన్ఎస్ఎస్ పిల్లలకు చెట్లు నాటడంతోపాటు ఇదీ పనిగా ఇవ్వండి.

కొత్తగా టైపు చేసేవి గౌతమి, నిర్మల, నోటో వంటి యూనికోడ్ ఫాంట్లలోనే చేయమనండి. శీర్షికలకు అక్షరాలు లావు చేయడం చాలదు, వర్డ్‌లో హెడింగ్ స్టైల్ పెట్టాలి. అప్పుడు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవారు హెచ్ మీట నొక్కి ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకగలరు. లేదంటే 80 పేజీలూ మొదటినుంచి వినాలి. ఎన్‌వీడీఏ ఉచితం, ఈస్పీక్ గొంతుతో తెలుగు చదువుతుంది. లైబ్రరీలో నాలుగు కంప్యూటర్లలో వేయించి, హెడ్‌ఫోన్లు పెట్టించండి. బొమ్మ ఉంటే కింద రెండు వాక్యాల వర్ణన రాయాలి. "పటం చూడుము" అని వదిలేయకూడదు.

కాపీరైటు భయం పెడతారు. 2012 సవరణతో కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వికలాంగుల కోసం లాభాపేక్ష లేకుండా అందుబాటు రూపంలోకి మార్చడాన్ని అనుమతిస్తుంది. మార్చే ముందు సుగమ్య పుస్తకాలయం అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఆ పుస్తకం ఇప్పటికే ఉందేమో చూడండి.

వినికిడి లోపం ఉన్నవారి మాట కూడా. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదాలు కనబడవు. రాసి, ఆగి, తిరిగి, అప్పుడు మాట్లాడాలి. మాటను అక్షరాలుగా చూపే ఆప్‌లు తెలుగుకీ ఉన్నాయి, కానీ ఫ్యాన్ల హోరులో పనిచేయవు. కాలర్ మైకు ఒకటి కొంటే చాలా తేడా ఉంటుంది.

పరీక్షల_విభాగం

స్క్రైబు (అభ్యర్థి చెప్తే రాసిపెట్టే మనిషి), అదనపు సమయం గురించి. గంటకు కనీసం 20 నిమిషాలు. మూడు గంటల పేపరుకి 60, రెండు గంటలకు 40, గంటన్నరకు 30. స్క్రైబు వాడినా వాడకపోయినా, రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. 40 శాతం లోపు వైకల్యమున్నా రాయలేని పరిస్థితి ఉంటే కూడా హక్కుంది. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, 2022 ఆగస్టులో మార్గదర్శకాలొచ్చాయి. "సదరం (వైకల్య) సర్టిఫికెట్లో 40 లేదు కాబట్టి కుదరదు" అని కౌంటర్లో తిప్పి పంపేయడం తప్పు. నిర్ణీత నమూనాలో వైద్యాధికారి ఇచ్చిన పత్రం ఉంటే సరిపోతుంది.

ఎక్కడ తప్పుతుందంటే, ఉదయం పేపరు 10 నుంచి 1 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఉందనుకోండి. అదనపు గంటతో మొదటిది 2కి ముగుస్తుంది, రెండోది 2కే మొదలవుతుంది. తిండి లేదు, బాత్రూముకి టైము లేదు. టైంటేబుల్ వేసేటప్పుడే ఆ విద్యార్థుల సబ్జెక్టులు చూసి ఒకే రోజు రెండు పడకుండా చూడాలి, లేదా వారిని 9కే కూర్చోబెట్టి, మిగతావాళ్లు పేపరు తీసుకునేదాకా బయటికి పంపకుండా ఉంచాలి.

పరీక్ష ఫీజు కట్టే ఫారంలోనే స్క్రైబు కావాలా, అదనపు సమయం కావాలా, పెద్ద అక్షరాల పేపరా అని గడి పెట్టండి. హాల్‌టికెట్ మీదే అది ప్రింటు కావాలి. విడిగా ఉత్తరం ఇస్తే అది సెంటరుకి చేరదు, గేటు దగ్గర చీఫ్ సూపరింటెండెంటు "నాకు ఆర్డరు రాలేదు" అంటారు, అరగంట పోతుంది. స్క్రైబుల జాబితా సంస్థే తయారుగా ఉంచాలి. వేరే శాఖ వారై, అభ్యర్థి కన్నా తక్కువ చదువున్నవారై ఉండాలి. ముందురోజు ఇద్దరినీ కలిపించి, ఒక పేజీ రాయించి చూడండి. ఆ సబ్జెక్టు పదాలు అస్సలు వినని స్క్రైబు వస్తే సగం టైము స్పెల్లింగు చెప్పడానికే పోతుంది. గది కింది అంతస్తులో, మిగతా హాలుకి దూరంగా ఉండాలి. మాట వినబడుతుంది కదా.

కమిటీ_బయటిసభ్యురాలు

అంతర్గత ఫిర్యాదుల కమిటీ గురించి రాస్తున్నాను. కమిటీ కూర్పులో పొరపాటుంటే ఎంత మంచి విచారణ చేసినా అప్పీల్లో నిలవదు.

అధ్యక్షురాలు సీనియర్ మహిళ. మొత్తంలో సగం మందికి తగ్గకుండా మహిళలు. ఒకరు బయటి సభ్యులు. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయిల నుంచి ఒక్కొక్కరు, ఎన్నికైనవారు. వీసీ, రిజిస్ట్రార్, డీన్లు, శాఖాధిపతులు సభ్యులుగా ఉండకూడదని యూజీసీ నిబంధనలే చెప్తున్నాయి. విచారణకు అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు కూర్చోవాలి. లాయర్లకు ప్రవేశం లేదు.

ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వక ఫిర్యాదు, కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. వారంలో ఫిర్యాదు నకలు అవతలివారికి, పది రోజుల్లో వారి జవాబు, 90 రోజుల్లో విచారణ పూర్తి, పది రోజుల్లో నివేదిక, యూజీసీ లెక్కన దాని మీద 30 రోజుల్లో చర్య. గడువు ముంచుకొస్తోందని చివర్లో పరుగెత్తినా ప్రమాదమే. ఒక యూనివర్సిటీ అధ్యాపకుడి కేసులో, 2023 మేలో, సుప్రీంకోర్టు సరిగ్గా ఆ కారణంతోనే తొలగింపును కొట్టేసింది. చివరి విచారణలను హడావుడిగా ముగించి, తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వలేదని తేల్చి, మళ్లీ విచారించమంది. అన్నేళ్ల తర్వాత ఫిర్యాదుదారులు మళ్లీ మొదటికి రావాలి. అందుకే ప్రతి సిట్టింగు తేదీ, హాజరు, ఇచ్చిన కాగితాల జాబితా అదే రోజు రాసి సంతకాలు తీసుకోండి.

మొదటి సిట్టింగులోనే ఆలోచించాల్సింది మధ్యంతర రక్షణ. ఆరోపణ ఎదుర్కొంటున్న అధ్యాపకుడు ఆ విద్యార్థిని పేపరు దిద్దకూడదు, వైవా చేయకూడదు, గైడుగా కొనసాగకూడదు. ఈ ఉత్తర్వు ఇవ్వకపోతే ఇంటర్నల్ మార్కులు రాగానే ఫిర్యాదు వెనక్కి వెళ్తుంది.

రాజీ అన్న మాట దగ్గర చాలా జాగ్రత్త. మన ప్రాంతంలో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి "ఆడపిల్ల భవిష్యత్తు చూడండమ్మా" అనడం అలవాటు. చట్టంలో రాజీ ఉంది. కానీ అది ఫిర్యాదు చేసిన ఆమె అడిగితేనే, విచారణ మొదలయ్యే ముందే జరగాలి, డబ్బు ఆధారంగా అస్సలు కాకూడదు. కమిటీ తనంతట తాను ఆ ఊసెత్తకూడదు. రుజువు కాని ఫిర్యాదు తప్పుడు ఫిర్యాదు కాదు. దురుద్దేశం ఉందని విడిగా విచారించి తేలితేనే చర్య. ఇది విద్యార్థినులకు నోటితో చెప్పాలి, ఎందుకంటే "రుజువు కాకపోతే నిన్నే శిక్షిస్తారు" అన్న మాటే వారికి ముందు చేరుతుంది.

పరిశోధక_పల్నాడు

మేడమ్, సంతకంతో రాయాలంటే ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన అమ్మాయి రాయదండి. యానాది, లంబాడా పిల్లలు ఒక్కో తరగతిలో ఒకరిద్దరే ఉంటారు. పేరు దాచినా వివరం చదివితే ఎవరో తెలిసిపోతుంది. ఆకాశరామన్న ఉత్తరాలను చెత్తబుట్టలో వేయడం సరికాదు.

కమిటీ_బయటిసభ్యురాలు

మీ మాట నిజమే. సంతకం లేని కాగితం మీద మనిషిని శిక్షించలేం, ఆ మనిషికీ తన వాదన చెప్పుకునే హక్కుంది. కానీ ఆ కాగితం మీద పద్ధతిని మార్చొచ్చు. సంతకం లేనివాటిని వేరే పుస్తకంలో చోటు, సమయం, విషయం వరకు నమోదు చేయండి. ఒకే ల్యాబు గురించి మూడు కాగితాలు వస్తే ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. ఆ ల్యాబు వైవాకు ఇద్దరు పరీక్షకుల్ని వేయండి, తలుపు తెరిచి ఉంచమనండి, మార్కులు అక్కడికక్కడే సిరాతో వేయించండి. రాయలేనివారికి కమిటీయే రాసిపెట్టాలని 2013 చట్టంలో ఉంది, అది వాడుకోండి. ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల విషయమైతే 14566 హెల్ప్‌లైన్ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా రాయించండి.

వార్డెన్_తెనాలిరోడ్డు

హాస్టల్ గదులు చేరిన వరసలో ఇవ్వకండి. మొదటి విడత కౌన్సెలింగ్‌లో చేరినవాళ్లు మంచి గదులు, తర్వాత వచ్చినవాళ్లు ట్యాంకు పక్క గదులు తీసుకుంటారు. ప్రతి సంవత్సరం లాటరీ, అందరి ముందూ. స్నేహితులం కలిసి ఉంటాం అంటే ఇద్దరి వరకు ఒప్పుకోండి. ఎనిమిది మంది గుంపుగా అడిగారంటే ఎక్కువసార్లు అది కులం గుంపే. మెస్‌లో ప్లేట్లు, గ్లాసులు అందరివీ ఒకే చోట, ఒకే రకం.

మెస్ బిల్లు బాకీ ఉన్నవారి పేర్లు గోడకు పెట్టే పద్ధతి మానిపించండి. రీయింబర్స్‌మెంటు, స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే బాకీ పడేది ఆ పిల్లలే. హాల్‌టికెట్ ఆపడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోవడం ఇంకా జరుగుతోంది. ఒరిజినల్స్ సంస్థ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ రోజున సరిచూసి అక్కడే తిరిగి ఇచ్చేయాలి.

అప్లికేషన్లో లింగం దగ్గర రెండు గళ్లే ఉంటే ట్రాన్స్‌జెండర్ విద్యార్థి ఫారం ముందుకే కదలదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇప్పుడే చెప్పండి, ఆగస్టులో చెప్తే వచ్చే ఏడాది అంటారు. మూడో గడిని, ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించిన 2014 సుప్రీంకోర్టు నల్సా తీర్పు కాలం నుంచే పెట్టి ఉండాల్సింది. ఒక్కరే వాడే మరుగుదొడ్డి ప్రతి బ్లాకులో ఒకటి, బోర్డు మీద బొమ్మ లేకుండా.

సెల్_సమన్వయకర్త

అందరికీ ధన్యవాదాలండి. రిజిస్టరు, రసీదు నమూనా రేపే తయారవుతాయి. ల్యాబ్ బ్యాచ్‌ల విషయం అసలు తట్టలేదు, మా నంబర్లూ అడ్మిషన్ వరసలోనే ఉన్నాయి.

రెండు సందేహాలు. బయట గదులు అద్దెకు తీసుకునే విద్యార్థులను "మీరేవిట్లు?" అని కులం అడిగి తిప్పి పంపుతున్నారు, ఆఫ్రికా విద్యార్థులకైతే తలుపే తీయడం లేదు. దీన్ని సెల్ పట్టించుకోవచ్చా? రెండోది, పాత ర్యాంపుల వాలు కొలవడానికి ఇంజనీరింగ్ విభాగం సర్వేయరు కావాలంటోంది, అంతదాకా ఆగాలా?

దస్త్రం_పాతబస్తీ

ఇంటి యజమాని మీద సెల్‌కి అధికారం లేదు. కానీ యూనివర్సిటీ దగ్గర ఇళ్ల జాబితా ఉంటే అద్దెదారులు అందులోంచే వెతుక్కుంటారు, ఆ బలం మీదే. కులం, మతం, దేశం అడగం అని ఒక పేజీ హామీ రాసిచ్చిన ఇళ్లనే జాబితాలో పెట్టండి. ఇద్దరు విద్యార్థులు విడివిడిగా ఫిర్యాదు చేస్తే విచారించి తీసేయండి. అడ్వాన్సు ఎన్ని నెలలు, కరెంటు యూనిట్ ధర ఎంత అన్నవీ జాబితాలోనే ఉండాలి. విదేశీ విద్యార్థుల దగ్గర రెట్టింపు వసూలు చేసేది అక్కడే.

మట్టపుకొలత

సర్వేయరు అక్కర్లేదు. నాలుగడుగుల తిన్నని అల్యూమినియం బద్ద, ఒక రసమట్టం, ఒక టేపు చాలు. బద్దను ర్యాంపు పొడవునా పెట్టండి, పై కొస నేలకు ఆనాలి. రసమట్టం బద్ద మీద ఉంచి, బుడగ మధ్యకు వచ్చేదాకా కింది కొస పైకెత్తండి. ఆ కొసకీ నేలకీ మధ్య ఎత్తు కొలవండి. నాలుగంగుళాలు, అంతకన్నా తక్కువైతే 1:12 లోపే ఉంది. ఆరంగుళాలు వస్తే 1:8, కూల్చి కట్టాల్సిందే. మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్లా కొలవండి, చాలాసార్లు చివరి మూడడుగుల్లోనే నిటారుగా లేపేసి ఉంటారు. కొలిచిన ప్రతిసారీ టేపు కనబడేలా ఫొటో తీసి, తేదీతో ఫైల్లో పెట్టండి. రేపు పొద్దున ఇద్దరు విద్యార్థుల్ని తీసుకుని బయలుదేరితే నాలుగు భవనాలూ మధ్యాహ్నానికి అయిపోతాయి.